ఆస్కార్లకు బతికున్న చేపపిల్లల్ని వేయడం తప్పా?

కావలి తొట్టి
మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి. రెండు ఆస్కార్ చేపలు, తొమ్మిదేసి అంగుళాలు. ఏడంగుళాల నల్ల సక్కర్ (అద్దానికి నోరంటించి పాచి నాకే చేప) ఒకటి. పైన పెట్టే ఫిల్టరు. బోరు నీళ్లు, పీహెచ్ 8.2. మేతకి రోజు మార్చి రోజు రోహు సీడు, పదిహేను ఇరవై పిల్లలు. ఈమధ్య ఒక ఆస్కార్ రెండోదాన్ని మూలకి తరిమి కదలనియ్యడం లేదు. దాని తోక చీరుకుపోయింది, పొట్ట కింద ఎర్ర చుక్కలు కూడా ఉండాయి. బతికున్న మేత వేస్తే మదం ఎక్కుద్ది అంటాడు షాపాయన. నిజమేనా? పెల్లెట్‌కి మార్చాలంటే ఎట్టా?

పెన్నా గట్టు
ముందు సీడు మానేయండన్నా. ఆ ఎర్ర చుక్కలు చేప పేను కుట్టినవి అయ్యుండొచ్చు, ఆర్గులస్ అంటారే అది. ఫోన్ లైటు పక్కనుంచి వేసి చూడండి. మినప్పప్పు బద్దంత చప్పటి పురుగు, చర్మం మీద జరుగుతా ఉంటుంది. సీడు చెరువుల్లో ఇది మామూలు. కనబడినవాటిని పట్టకారుతో తీసేస్తే పని అయిపోదు. గుడ్లు అద్దానికీ చెక్కముక్కకీ వరసగా అంటించి పోతుంది, ఈ ఎండలకి రెండు వారాల లోపలే పొదుగుతాయి. అద్దాన్ని బ్లేడుతో గీకాలి, చెక్కా రాళ్లూ బయటికి తీసి ఎండబెట్టాలి.

పేనుకని చెరువు మందు తెచ్చి పోయొద్దు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ డోసు ఎకరాల లెక్కన రాసుంటుంది, తొట్టి నీళ్లకి సీసా మూతతో కొలిచే సరుకు కాదది.

అయినా ఒక జీవాన్ని ఇంకో జీవానికి వేసి, కుర్చీ వేసుకుని చూడడం ఏం సరదా అబ్బయ్యా?

ముత్తుకూరు ఏరేటర్
పేను సంగతి ఒప్పుకుంటా. మదం మాట ఒప్పుకోను. ఆస్కారైనా ఫ్లవర్‌హార్నైనా కొట్లాడేది చోటు కోసం, జత కోసం, గుడ్ల కోసం. ఆకలికి తినడం వేరు, తరమడం వేరు. పెల్లెట్ తప్ప ఏదీ ఎరగని ఫ్లవర్‌హార్న్ కూడా పక్కన ఇంకోటి వేస్తే చంపుతుంది.

సీడు వేయాలనుకుంటే వేరే టబ్బులో ఎయిర్ పంపు పెట్టి మూడు వారాలు ఉంచండి. దించే ముందు లీటరుకి పది గ్రాముల రాళ్ల ఉప్పు నీళ్లలో అయిదు నిమిషాలు. చచ్చేవి ఆ మూడు వారాల్లోనే చస్తాయి, మిగిలినవి వేసుకోండి.

పెన్నా గట్టు
ఉప్పుకి లెర్నియా చస్తుందా, అదే చేప ఒంట్లో గుచ్చుకుని ఉండే లంగరు పురుగు? తల చర్మం లోపల పాతుకుని ఉంటే అయిదు నిమిషాల ఉప్పు దాన్నేం చేస్తుంది? పైగా కార్ప్ జాతి చేపల్లో చాలావాటిలో థయామినేజ్ ఉంటుంది, బి1 విటమిన్‌ని విరగ్గొడుతుంది. ఎప్పుడూ అదే మేతయితే చేప నీరసించి, ఈత అదుపు తప్పుతుంది. మూడు వారాలు కాదు, మూడు నెలలు టబ్బులో ఉంచినా ఆ లోపం పోదు.

ముత్తుకూరు ఏరేటర్
ఎప్పుడూ అదే వేయమని ఎవరన్నారు? వారానికి ఒక పూట అన్నా.

పెన్నా గట్టు
పైన మీ పోస్టులో వారం మాటే లేదు. మళ్లీ చదువుకోండి.

గూడూరు
మీరు మీరు తేల్చుకోండి, ఈయన అడిగింది పెల్లెట్. పండుగప్ప మేత తీసుకోండి, తేలే రకం, ప్రొటీన్ 40 శాతం పైన ఉండేది. ఆక్వా మేత కొట్లలో విడిగా కిలో అడిగితే ఇస్తారు, రంగు డబ్బా మేత ధరలో సగం కూడా ఉండదు. మూడు నాలుగు రోజులు పస్తు పెట్టండి, తొమ్మిదంగుళాల ఆస్కార్‌కి ఏం కాదు. తర్వాత వనామీ రొయ్య తల, తోక, పెంకు తీసి చిన్న ముక్క పట్టకారుతో అందించండి. తల మీది ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది, తల అసలే వద్దు. రెండు రోజులయ్యాక రొయ్య ముక్కలో పెల్లెట్ దూర్చి ఇవ్వండి, ఆ తర్వాత రొయ్య తగ్గిస్తా రండి. ఉమ్మేస్తే జాలిపడి మళ్లీ సీడు వేయొద్దు, అక్కడే అందరూ చెడగొట్టుకుంటారు. అలవాటయ్యాక చేప బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు రోజుకి. పావుకిలో చేపకి నాలుగు గ్రాములు దాటొద్దు. వారంలో ఒకరోజు పస్తు. కోడి కార్జం, మటన్ ముక్కలు వద్దు, ఆ కొవ్వు లివర్లో పేరుకుంటుంది.

ఒంగోలు సంపు
మేత మీద ఇంత రాశారు, తొట్టి లెక్క ఒక్కరూ కట్టలేదు. మూడు × ఒకటిన్నర × ఒకటిన్నర అంటే 6.75 ఘనపుటడుగులు. అడుగుకి 28.3 లీటర్ల చొప్పున 191. పైన ఖాళీ, కింద గులకరాళ్లు తీసేస్తే నికరంగా 165. ఆస్కార్ అడుగు పెరుగుతుంది, తొట్టి వెడల్పు అడుగున్నర. అది తిరిగి పక్కదాన్ని చూడకుండా ఉండే మూల ఆ తొట్టిలో లేదు. కొట్లాట అక్కడి నుంచి వస్తోంది.

రెండింటికీ కావాల్సింది ఆరు × రెండు × రెండు. 680 లీటర్లు, 12 మిల్లీమీటర్ల అద్దం. నీళ్లూ అద్దమూ కలిపి 800 కిలోలు, స్టాండు కాక. మేడ మీద వద్దు. ఇళ్ల స్లాబుకి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైను చేస్తారు, ఇది 700 దాటుతుంది. కింద గదిలో గోడవార పెట్టండి.

ఫిల్టరుగా తొట్టి కింద సంపు పెట్టండి, అంటే నీళ్లు శుద్ధి చేసే ఇంకో తొట్టి. గంటకి తొట్టి నీళ్లు అయిదారు సార్లు తిరగాలి. పంపు డబ్బా మీద 5000 అని ఉంటే నాలుగున్నర అడుగులు ఎక్కేసరికి మూడో వంతు పైనే పోతుంది, అది లెక్కలో పెట్టుకోండి. పైకొచ్చే పైపుకి నీటి మట్టానికి అంగుళం కింద చిన్న రంధ్రం పెట్టకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తొట్టి నీళ్లు వెనక్కి లాగి సంపు పొంగి గది తడుస్తుంది.

అప్పటిదాకా మధ్యలో గట్టి ప్లాస్టిక్ జాలీ పెట్టండి. ఫిల్టరు నీళ్లు పీల్చేది ఒక పక్క, వదిలేది ఇంకో పక్క ఉండాలి. లేకపోతే ఒక అర మురిగిపోతుంది.

పొదిలి బోరు
పీహెచ్ 8.2 అని బాధపడుతున్నారా? మా వైపు బోరు నీళ్లలో ముందు మనుషులు బతకాలి.

ముత్తుకూరు ఏరేటర్
బాధపడాల్సిందే. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే చేప వదిలే మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడా విషపు రూపంలో ఉండదు. 8.2 అయితే నూటికి పదకొండు. నీళ్లు పరీక్షించే కిట్‌లో మొత్తం అమ్మోనియా 0.5 పీపీఎం చూపిస్తే పీహెచ్ 7 ఉన్నవాడు నిద్రపోవచ్చు, ఈయన నీళ్లు మార్చాలి. రొయ్యల కిట్టే వాడండి, అదే రసాయనం. నైట్రైట్ కనబడితే లీటరుకి ఒక గ్రాము ఉప్పు వేయండి, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి ఎక్కనివ్వదు. రోహిణి కార్తెలో తొట్టి నీళ్లు 33 దాకా పోతాయి, అప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప మేత అరిగించుకోడానికి ఎక్కువ కావాలి. ఆ రోజుల్లో మేత సగం చేయండి, ఎయిర్ పంపుని ఇన్వర్టరు మీద పెట్టండి. ఫ్యాను గాలికి ఇగిరిన నీళ్లకి బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి, ఆ కాస్తా ఆర్వో నీళ్లు పోయండి.

బొమ్మిడాయి
ఈ అమెరికా చేపల బాధ ఎందుకయ్యా. మట్టగిడసని పెంచండి, గాలి పీల్చి బతుకుతుంది, కరెంటు పోయినా చావదు. మూత మీద ఇటుక పెట్టడం మాత్రం మరవొద్దు, ఎగిరి హాల్లో పడుద్ది.

కావలి తొట్టి
పురుగు ఉంది, రెండు దొరికాయి, తీసేశా. జాలీ పెడతా. ఆరడుగుల తొట్టికి మా ఇంట్లో చోటు లేదు, కిందా లేదు పైనా లేదు. ఒకదాన్ని, సక్కర్‌నీ తీసేయాలి. షాపాయన వెనక్కి తీసుకోనన్నాడు. ఏం చేయాలి?

పెన్నా గట్టు
నెల్లూరు వచ్చేటప్పుడు బకెట్లో తెచ్చి స్వర్ణాల చెరువులో వదిలేయండి. అంత దూరం ఎందుకంటే మీ ఊరి చెరువే ఉంది. అద్దాల మధ్య తిరిగిన జీవి, హాయిగా బతుకుతుంది. పుణ్యం కూడా.

ముత్తుకూరు ఏరేటర్
ఇంతసేపూ ఇంచీ పిల్లల మీద కన్నీళ్లు కార్చింది మీరేనా? చెరువులో వదిలితే ఆ ఆస్కార్ గడ్డి తింటుందా? మత్స్యకార సంఘం డబ్బు పోసి కట్ల, రోహు పిల్లల్ని వదిలే చెరువు అది. రోజు మార్చి రోజు ఇరవై కాదు, దొరికినన్ని. మీ కళ్ల ముందు జరగదు, అంతే తేడా.

పెన్నా గట్టు
ఒక్క చేప. ఒక్కటే గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుందా? మాట పెద్దది చేయకండి.

ముత్తుకూరు ఏరేటర్
వదిలే ప్రతివాడిదీ ఒక్కటే. సక్కర్‌ని అట్టా ఒక్కొక్కటే వదిలారు, ఇప్పుడు ఆంధ్రా చెరువుల్లో వలలు చించుతోంది. వీపు ముళ్లు, పక్క ముళ్లు వలకి పడితే విప్పడానికి లేదు, కోయాల్సిందే. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్టు జారుతుంది. తిలాపియా 1952లో దేశంలోకి వచ్చింది, ఇప్పుడు అది లేని చెరువు చూపించండి. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో అరపైమా దొరికింది, 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అలిగేటర్ గార్ దొరికింది. ఎవరి తొట్టివో అవి.

చలికి చస్తుందనే ఆశ కూడా ఇక్కడ లేదు. ఆస్కార్ 13 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, మన చెరువు నీళ్లు డిసెంబరులో కూడా అంత దిగవు. 2021 నవంబరులో పెన్నా పొంగినట్టు మళ్లీ పొంగితే చెరువులో వేసింది చెరువులో ఉంటుందా?

పెన్నా గట్టు
రొయ్యల గుంటల వాళ్లు చెరువుల గురించి మాకు చెప్పడం బాగుంది. రొయ్యల పట్టుబడి అయ్యాక ఆ ఉప్పునీళ్లు ఏ కాలవలోకి తోడతారు? మా పొలం పక్కన గుంటలు పడ్డాక బోరు ఉప్పెక్కింది, వరి పోయింది, అడిగితే ఎవడూ పలకలేదు. అప్పుడు ఈ పర్యావరణం యాడ పోయిందో!

ముత్తుకూరు ఏరేటర్
మీ బోరుకీ ఈ ఆస్కార్‌కీ ఏం సంబంధం?

కోవూరు
పులుసు పెట్టుకోండి, ఇద్దరి బాధా తీరుద్ది.

గూడూరు
తమాషాకి కూడా వద్దు. తొట్టి చేపకి మలాకైట్ గ్రీన్ లాంటి మందులు పడుంటాయి. తినే చేపలకి అది నిషేధం.

పెన్నా గట్టు
సరే, వదలొద్దు. షాపు తీసుకోదు. ఇంట్లో చోటు లేదు. మరి ఏం చేయమంటారు, నోటితో చెప్పండి.

ముత్తుకూరు ఏరేటర్
ముందు తీసుకునేవాడి కోసం వెతకాలి. ఎవరూ దొరక్కపోతే నొప్పి లేకుండా చంపాలి. లవంగ నూనె కొద్దిగా గోరువెచ్చని నీళ్లలో వేసి తెల్లగా అయ్యేదాకా సీసాలో గిలకొట్టాలి. నూనెగా తేలితే పని చేయదు. తొట్టి నీళ్లే బకెట్లో తీసుకుని చేపని దించి, లీటరుకి రెండు మూడు చుక్కల లెక్కన నెమ్మదిగా పోస్తే మత్తెక్కి పక్కకి ఒరుగుతుంది. అప్పుడు మొత్తం లీటరుకి 0.4 మిల్లీలీటర్లు అయ్యేదాకా పోయాలి. మొప్పలు ఆగాక కూడా అరగంట ఉంచాలి, తొందరపడి తీస్తే తేరుకునే అవకాశం ఉంది. తర్వాత గుంట తీసి పూడ్చాలి.

పెన్నా గట్టు
చేతులారా పెంచినదాన్ని చేతులారా చంపమంటారు. మేత పెట్టిన చెయ్యి అది. నా వల్ల కాదు, ఇంకొకరికి చెప్పడానికి కూడా నాకు నోరు రాదు. చెరువులో అది బతుకుతుందో చస్తుందో దాని రాత. నేను చంపలేదు, నాకది చాలు.

ముత్తుకూరు ఏరేటర్
అదీ అసలు మాట. మొదటి నుంచీ మీరు మాట్లాడింది రోహు పిల్ల గురించీ కాదు, పేను గురించీ కాదు. మీ చేతికి అంటకూడదు, అంతే. మీ చేతికి అంటనిది వలవాడి మెడకి చుట్టుకుంటోంది. అడుగు పెరిగే చేపని మూడంగుళాలప్పుడు కొనేవాడు ఈ రోజు వస్తుందని తెలిసే కొనాలి. లేదంటే గప్పీలు పెంచుకోవాలి.

పెన్నా గట్టు
కొనేవాడిదే తప్పా? అడుగు పెరుగుతుందని అమ్మేవాడు ఏనాడైనా చెప్పాడా? అంతా తెలిసిన తమరు ఆ కొట్టు ముందు నిలబడి చెప్పండి, ఇక్కడ కాదు.

నిర్వాహకుడు
ఇద్దరూ వ్యక్తుల మీదికి పోకండి. రొయ్యల గుంటల ఉప్పునీళ్ల మీద వేరే చర్చ తెరవండి, ఇక్కడ వద్దు. చేపల్ని చెరువులో, కాలవలో వదలమని చెప్పే పోస్టులు ఇకమీద తీసేస్తాం.

పెన్నా గట్టు
తీసేయండి. బతికున్న మేత మీద నేను రాసినదాంట్లో ఒక్క ముక్క తప్పని ఎవరూ చూపించలేదు, అది మాత్రం ఉంచండి.

ఒంగోలు సంపు
కావలి గారూ, నా దగ్గర ఆరడుగుల తొట్టి ఒకటి ఖాళీగా నడుస్తోంది. దెబ్బలు తిన్న ఆస్కార్‌ని తీసుకుంటాను. పేను పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక, ఇంకో మూడు వారాలు ఆగి తీసుకురండి. రెండు రోజుల ముందు నుంచి మేత ఆపండి, దారిలో సంచి నీళ్లు పాడు కావు. రొయ్యపిల్లల హేచరీ వాళ్లని అడిగితే పెద్ద సంచిలో ఆక్సిజన్ నింపి ఇస్తారు. మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, ఒకదాంట్లో ఒకటిగా రెండు సంచులు, మూలలు రబ్బరుతో మడిచి కట్టాలి, థర్మాకోల్ డబ్బాలో పెట్టాలి. తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కకముందే వచ్చేస్తారు.

కావలి తొట్టి
చాలా థ్యాంక్స్ అన్నా. సక్కర్‌ని కూడా అదే సంచిలో వేసుకు రానా?

ఒంగోలు సంపు
వద్దు, దాని ముళ్లకి సంచి ఆగదు. మూత ఉన్న బకెట్లో సగం నీళ్లు, బ్యాటరీ ఎయిర్ పంపు. కానీ సక్కర్ నాకొద్దు, నా దగ్గర ఇప్పటికే రెండు ఉన్నాయి. గూడూరు గారు ఏమైనా తీసుకుంటారేమో అడగండి.

గూడూరు
నాకూ వద్దు.