మల్లె పొదలో పికిలిపిట్ట గూడు, చంటిబిడ్డకు బొంత: ఎండాకాలం సందేహాలు

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అక్కలకు, అన్నలకు నమస్తే. మా చెల్లెకు జూలైలో కాన్పు. తొలిచూలు కాబట్టి అమ్మగారింటికి వచ్చేసింది. పుట్టబోయే బిడ్డ కోసం అమ్మ పాత చీరలతో చిన్న చిన్న బొంతలు కుడుతున్నాం. పొద్దున పది దాటితే బయట కాలు పెట్టలేకపోతున్నాం కాబట్టి కుట్టుపని అంతా వెనక వరండాలోనే. ఆ వరండా పక్కన పెద్ద కుండీలో మల్లె పొద ఉంది. దాంట్లో ఒక పిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. పిట్ట తల నల్లగా ఉంటుంది, కొద్దిగా కుచ్చు లేచి ఉంటుంది, తోక కింద ఎర్రగా కనిపిస్తుంది.

ఇప్పుడు టెన్షన్ ఏమిటంటే, మల్లెకు రోజూ నీళ్లు పోయకపోతే ఎండిపోతుంది. పోస్తే పిట్ట ఎగిరిపోతోంది. కుండీని కొంచెం నీడకు జరపవచ్చా? పిల్లలేమో గూటికి పనికొస్తాయని మేము కత్తిరించిన దారం ముక్కలు తీసుకెళ్లి పొద చుట్టూ వేస్తామంటున్నారు. వేయనివ్వచ్చా?

బొంత గురించి కూడా చెప్పండి. అమ్మ చీరల్లో ఒకటి ఎర్రటి పోచంపల్లి నూలు చీర, ఎక్కువ కట్టనిది. అది పైపొరగా వేస్తే అందంగా ఉంటుంది, కానీ రంగు దిగి బిడ్డ ఒంటికి అంటుతుందేమోనని భయం.

నాగర్‌కర్నూల్ నుంచి జవాబు

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది పికిలిపిట్ట, అదే బుల్‌బుల్. మనుషులు తిరిగే చోట, చేతికందే ఎత్తులోనే గూడు కట్టడం దానికి అలవాటు, కాబట్టి మీ అలికిడికి అది కొంత సిద్ధపడే ఉంది.

కుండీని మాత్రం జరపకండి. పిట్ట గూటిని చోటును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. నాలుగు అడుగులు జరిగినా తిరిగొచ్చి పాత చోటే వెతుక్కుని, గుడ్లను వదిలేసే ప్రమాదం ఉంది. మధ్యాహ్నం ఎండ నేరుగా గూటి మీద పడుతుంటేనే నీడ ఏర్పాటు చేయండి. అందుకు పొదకు రెండు మూడు అడుగుల పైన గోనె సంచిగానీ పాత నూలు గుడ్డగానీ కట్టండి. అది గాలికి రెపరెపలాడకుండా బిగుతుగా ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. కట్టాక లోపలికి వెళ్లి కిటికీలోంచి చూడండి. అరగంటలో పిట్ట గూటికి రాకపోతే తీసేయండి.

నీళ్లు పైపుతో పై నుంచి కొట్టొద్దు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెంబుతో మొదట్లో నెమ్మదిగా పోయండి. ఇద్దరు ముగ్గురు కాకుండా రోజూ ఒకే మనిషి, ఒకే వైపు నుంచి వెళ్తే మంచిది. నీళ్లు పోసేటప్పుడు అది లేచిపోయినా మీరు వెనక్కి తగ్గగానే వస్తుంది. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులో పల్లీ పొట్టో పరిస్తే తడి తొందరగా ఆరదు. వనపర్తి, గద్వాల వైపు పల్లీ పొట్టుకు కొదవ లేదు. మీ దగ్గర దొరక్కపోతే వరి గడ్డి ముక్కలు చాలు.

గుడ్లు పిల్లలు కావడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి ఇంకో రెండు వారాలలోపు పడుతుంది. అన్నాళ్లూ ఆ పొదలో పూలు కోయడం మానేయండి, ఏ మందూ కొట్టకండి. వేప నూనె కూడా వద్దు. పికిలిపిట్ట పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. మందు కొడితే అదే మందు వాటి నోట్లోకి పోతుంది.

దారాల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి ఒక్క పోగు కూడా బయట వేయనివ్వకండి. పిట్ట వాటిని నిజంగానే ఏరుకుంటుంది, చిక్కంతా అక్కడే. గూట్లో పిల్ల కాలికి దారం చుట్టుకుంటే, పిల్ల పెరిగే కొద్దీ బిగుసుకుని కాలు వాచి చచ్చుబడుతుంది. పెద్ద పిట్టలు కూడా కొమ్మకు చిక్కుకుని వేలాడతాయి. నైలాన్, జరీ, పట్టు పోగులు మరీ ప్రమాదం, పిట్ట లాగితే తెగవు. కుట్టే చోట ఒక డబ్బా పెట్టుకుని తునకలన్నీ అందులో వేసి, సాయంత్రం వరండా ఊడవండి. పిల్లలకు ఏదైనా చేయాలనే ఆశ ఉంటే ఎండు గడ్డి పరకలు, గింజ తీసిన పిడికెడు పత్తి ఒక మూల పెట్టమనండి. వడకని పత్తి విడిపోతుంది కాబట్టి కాలికి బిగుసుకోదు. ఆకులు కుట్టి గూడు చేసుకునే దర్జీపిట్ట లాంటివి దాన్ని సంతోషంగా తీసుకెళ్తాయి.

గుడ్లను, గూటిని చెదరగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట కిందికే వస్తుంది. మీరు ఆ పని చేయరని తెలుసు, చుట్టుపక్కల పిల్లలకు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

మిర్యాలగూడ నుంచి జవాబు

అక్కా, ఎర్ర చీరను రాత్రంతా ఉప్పు నీళ్లలో నానబెట్టండి, రంగు నిలబడుతుంది. మా ఇంట్లో అట్లనే చేస్తాం. పిట్టలకు నీళ్లు పెట్టడం మరవకండి.

భూదాన్ పోచంపల్లి నుంచి జవాబు

ఉప్పు మాట అందరూ చెప్తారు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. మా దగ్గర నేయకముందే నూలును చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి, రంగులో ముంచుతాం. రంగు నూలుకు పట్టడానికి ఉప్పు వాడేది ఆ రంగు తొట్టిలోనే. నేసిన చీరను ఇంట్లో ఉప్పు నీళ్లలో పెడితే పట్టని రంగు కొత్తగా పట్టుకోదు. ఆ నానబెట్టడంలో మిగులు రంగు కొంత నీళ్లలోకి దిగిపోతుంది, అంతే. ఆ పని ఉత్త చన్నీళ్లతో కూడా అవుతుంది.

చీరను విడిగా చన్నీళ్లలో తక్కువ సబ్బుతో ఉతకండి. నీళ్లు తెల్లగా వచ్చేదాకా జాడించండి, నీడలో ఆరేయండి. తరువాత పరీక్ష చేయండి. తెల్ల నూలు గుడ్డ తడిపి, చీర మీద పరిచి, వేడి ఇస్త్రీ పెట్టెతో గట్టిగా నొక్కండి. గుడ్డకు ఎరుపు అంటితే మళ్లీ ఉతకాలి. ఎరుపు, నలుపు, ముదురు నీలం మీద ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. అమ్మ రోజూ కట్టి ఉతికిన లేత రంగు చీరలతో ఈ బాధే ఉండదు.

పరీక్షలో నెగ్గినా సరే, బిడ్డ ఒంటికి తగిలే వైపు ఆ ఎర్ర చీర వేయకండి. చంటిబిడ్డ మూత్రంతో తడుపుతుంది, నోట్లో అంచు పెట్టుకుంటుంది. దాన్ని కింది వైపు వేయండి. చిటికి బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి ఎటు తిప్పి వేసినా అందమే.

నారాయణపేట నుంచి జవాబు

బిడ్డా, బొంత సంగతి నేను చెప్తా. జూలైలో కాన్పు అంటున్నావు, అంటే బొంతలు వాడేది వానల్లో. అందరూ మెత్తగా ఉండాలని మందంగా కుడతారు, తీరా ముసురు పట్టినప్పుడు అవి ఆరవు, తడి వాసన కొడతాయి. ఒక మందపు బొంత కన్నా నాలుగు పలుచటి బొంతలు కుట్టు. నాలుగు పొరలు చాలు.

లెక్క సులువే. ఆరు గజాల చీరను గజం చొప్పున కోస్తే ఆరు ముక్కలు. చీర పన్నా 45 అంగుళాలు అనుకుంటే ఒక్కో ముక్క మూడడుగులు, దాదాపు మూడు ముప్పావు అడుగులు వస్తుంది. చంటిబిడ్డకు అంతకన్నా పెద్దది అక్కర్లేదు. బాగా చీకిపోయిన ముక్కలు లోపలికి, గట్టివి పైకీ కిందికీ. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర బొంతకు ప్రాణం. పాలిస్టర్ కలిసినది లోపలి పొరకు కూడా వేయకు, చెమట పీల్చదు, వేడి చేస్తుంది. గద్వాల చీర ఉంటే నడిమి నూలు గుడ్డ వాడుకో. అంచు, కొంగు పట్టు, జరీ కాబట్టి కత్తిరించి దాచిపెట్టు. జరీ గీరుకుంటుంది, పిల్లల చర్మం ఓర్వదు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడే నేల తుడిచి, ఆరాక పొరలు ఒకదాని మీద ఒకటి పరుచుకో. ఒక్కో పొరను అరచేత్తో నడిమి నుంచి అంచుకు సవరించు. తరువాత నడుమ నుంచి నాలుగు మూలలకు వేరే రంగు దారంతో పెద్ద పెద్ద టాకాలు వేయి. అంచు నుంచి మొదలుపెడితే చివరికి నడుమ గుడ్డ ఉబ్బి ముడత పడుతుంది, అది విప్పడం తప్ప దారి ఉండదు. టాకాలు పడ్డాక అంచులు లోపలికి మడిచి కుట్టి, ఆ మీద రెండు వేళ్ల ఎడంతో వరసలు కుట్టుకుంటూ పో. నాలుగు పొరలకు దబ్బనం వద్దు, రంధ్రాలు పడతాయి. మామూలు పొడుగు సూది, నూలు దారం చాలు. ముడి పైన మిగల్చకుండా పొరల మధ్యకు లాగేయి.

పని అయిపోయాక సూదులు లెక్కపెట్టు. అయస్కాంతం ఉంటే బొంత మీద రెండు వైపులా తిప్పు. పిల్లల బొంతలో విరిగిన సూది ముక్క ఉంటే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఇది మరిచిపోవద్దు బిడ్డా.

ప్రశ్న అడిగినవారు

పెద్దమ్మా, ముసురు సంగతి మాకు తట్టనే లేదు. మందంగా ఒకటి మొదలుపెట్టాం, దాన్ని పెద్దవాళ్లకు ఉంచి, పలుచటివి కుడతాం. దారాల డబ్బా ఈ రోజే పెట్టేశాం. పిల్లలు పత్తి పట్టుకుని తిరుగుతున్నారు.

ఇంకో రెండు విషయాలు. చెల్లె బొంత అంచుకు అద్దాల కుట్టు వేస్తానంటోంది. వేయవచ్చా? అలాగే పిట్టకు నీళ్లు గూటి దగ్గరే పెట్టాలా? ఎండకు అల్లాడుతోంది, నోరు తెరిచి కూర్చుంటోంది.

దేవరకొండ దగ్గరి తండా నుంచి జవాబు

అక్కా, అద్దాలు మా ఇంటి పని. మా యాడి (అమ్మ) చేతి కుట్టు చూసే నేర్చుకున్నాను. చంటిబిడ్డ బొంతకు అద్దాలు, గవ్వలు, పూసలు ఏవీ వద్దు. అద్దం అంచు దారాన్ని కోస్తూనే ఉంటుంది, రోజూ ఉతికితే తొందరగా ఊడుతుంది. చెల్లె ఇష్టం తీరాలంటే గుమ్మానికి తోరణమో, బిడ్డ బట్టలు పెట్టుకునే సంచో కుట్టమనండి.

అద్దం అతికించి కుట్టే అలవాటు ఉంటే మానేయాలి, జిగురు ఎండితే సూది దిగదు. ముందు అద్దం మీద అడ్డంగా రెండు, నిలువుగా రెండు పోగులు బిగించి చట్రం కట్టాలి. ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ గొలుసులా కుట్టుకుంటూ రావాలి. చట్రం బిగుతుగా ఉంటేనే అద్దం నిలుస్తుంది. సూదికి మూరెడు దారమే ఎక్కించమనండి. పొడుగు పెట్టుకుంటే ప్రతి కుట్టుకీ గుడ్డలోంచి రాసుకుని పీచు లేస్తుంది, ముడులు పడతాయి. ఎండాకాలం వేళ్లు చెమట పడితే సూది జారుతుంది, దారం మాసిపోతుంది. పక్కన పొడి గుడ్డ పెట్టుకుని తుడుచుకుంటూ కుట్టాలి. పని ఆపగానే, గుడ్డను బిగించే గుండ్రటి ఫ్రేము నుంచి గుడ్డ తీసేయాలి, లేకపోతే గుండ్రటి మరక అలాగే ఉండిపోతుంది.

తోరణం అయ్యాక, గూడు ఖాళీ అయ్యేదాకా ఆ వరండా గుమ్మానికి కట్టకండి. చేలల్లో పిట్టలను తోలడానికి మెరిసే రిబ్బన్లు కడతారు కదా, ఇదీ అంతే.

నాగర్‌కర్నూల్ నుంచి

నోరు తెరిచి కూర్చోవడం రోగం కాదు. పిట్టలకు చెమట పట్టదు, అలా రొప్పుతూ ఒంటి వేడి వదులుకుంటాయి. మీ దగ్గర మే నెలలో 44 డిగ్రీలు మామూలే కదా. నీళ్లు గూటి పక్కన మాత్రం పెట్టకండి. నీళ్ల కోసం కాకులు, పిల్లులు వస్తాయి, గూడు వాటి కంట పడుతుంది. పెరట్లో అవతలి మూల, నీడలో, పిల్లి దాక్కునే చాటు లేని చోట పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడైతే బాగుంటుంది. రెండు అంగుళాలకు మించి లోతు వద్దు, నడుమ ఒక రాయి వేయండి. రోజూ పారబోసి, పీచుతో తోమి, కొత్త నీళ్లు పోస్తే పాకుడు పట్టదు, దోమలు పెరగవు.

పిచ్చుకలకు జొన్నలు, సజ్జలు, నూకలు వేయండి. ఉప్పు వేసిన అన్నం, మిక్చర్ వద్దు. పికిలిపిట్ట గింజల జోలికి పెద్దగా పోదు. మగ్గిన బొప్పాయి ముక్కో జామకాయో పెడితే తింటుంది. అదీ గూటికి దూరంగానే.

పిట్ట పిల్ల కింద పడితే, ఈకలు రానిదైతే మెల్లగా ఎత్తి గూట్లో పెట్టేయండి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది నిజం కాదు. ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోందని అర్థం. పక్క పొదలోకి చేర్చి వదిలేయండి, తల్లే మేత తెస్తుంది. నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

మూకుడు అవతలి మూలకు మార్చాం. ఆఖరి సందేహం. మల్లెను కత్తిరించాల్సి ఉంది. పిల్లలు ఎగిరిపోగానే గూడు తీసేయవచ్చా?

నారాయణపేట నుంచి

పిల్లలు వెళ్లాక ఒక వారం ఆగి, లోపల గుడ్లు లేవని చూసుకుని తీసేయి బిడ్డా. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడ్డాక ఎండిన కొమ్మలు, పూత అయిపోయిన కొసలు మాత్రం తీయి. గట్టి కత్తిరింపు చలికాలం చివర్లో చేసుకుంటే వచ్చే ఎండాకాలానికి పూలు బాగా వస్తాయి. కత్తిరించే ముందు పక్క కొమ్మల్లో ఇంకో గూడు ఉందేమో చూసుకో, వానాకాలంలోనూ పిట్టలు గూళ్లు కడతాయి.