ఐదు తీగల బేస్: 34 అంగుళాలా, 35 అంగుళాలా?

నమస్కారం అండి. పన్నెండేళ్లుగా చర్చిలో నాలుగు తీగల బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఇప్పుడు మంచి ఐదు తీగలది కొందామని డబ్బు కూడబెట్టాను. స్నేహితుడి దగ్గర 34 అంగుళాల స్కేల్‌ది (అంటే తీగ మోగే పొడవు అంత) వాయించి చూశాను. మిగతా నాలుగు తీగలూ కమ్మగా పలికాయి, అన్నిటికన్నా లావైన ఐదో తీగ, లో బీ మాత్రం వదులుగా ఊగుతూ ఫ్రెట్లకు (మెడ మీది లోహపు పట్టీలకు) కొట్టుకుంది. దాదాపు 31 హెర్ట్జ్ స్వరం అది, స్పష్టంగా వినిపించకపోతే ఐదో తీగ ఎందుకండీ?

తీగ పొడవు పెరిగితే బిగువూ పెరుగుతుంది కదా, లాక్‌లాండ్ కంపెనీలో 35 అంగుళాలది ఉంది. డింగ్‌వాల్ కంపెనీ బేస్‌లలో ఫ్రెట్లు విసనకర్ర పుల్లల్లా పరుచుకుని, బీ తీగ 37 అంగుళాల దాకా వెళ్తుంది. నా వేళ్లు పొట్టివి, మొదటి ఫ్రెట్ దగ్గర అందుతాయో లేదోనని టెన్షన్. మా ఊళ్లో వాయించి చూసే వీల్లేదు. 34లోనే బీకి 130 బదులు ఇంకాస్త లావైన 135 గేజ్ తీగ వేస్తే బిగువు సరిపోతుందా? వాయించినవాళ్లు దయచేసి చెప్పండి.