దావత్‌కు మందు ఎంత తేవాలి?

అందరికీ నమస్తే. వచ్చే నెల కరీంనగర్‌లో మా నాన్న రిటైర్మెంట్ దావత్. 120 మంది వస్తారు, తాగేవాళ్లు 50 మంది దాకా ఉంటారు. 750 ఎం.ఎల్. విస్కీ ఫుల్ బాటిల్‌కు 60 ఎం.ఎల్. చొప్పున 12 పెగ్గులు. మనిషికి మూడు పెగ్గులనుకుంటే 13 బాటిళ్లు సరిపోవాలి. కానీ ఎండాకాలం కదా, సగం మంది బీరే అడుగుతారు. అప్పుడు 650 ఎం.ఎల్. బీర్లు, 12 సీసాల కేసులు ఎన్ని తేవాలి? విస్కీ ఎంత తగ్గించాలి? సోడా, ఐసు లెక్కయితే అసలు అంతుపట్టడం లేదు.

మటన్ ఫ్రై వేడివేడిగా వడ్డిస్తుండగా మందు అయిపోయిందంటే నాన్న చిన్నబుచ్చుకుంటారు. అదే నా టెన్షన్. తాగనివాళ్లకు కూల్‌డ్రింకులకన్నా చల్లటి మజ్జిగే మంచిదనిపిస్తోంది, తలకు రెండు గ్లాసులు చాలా? సీల్ తీయని బాటిళ్లు మిగిలితే షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారా? ఇలాంటి దావత్‌లు చేసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.