రియల్ అనాలిసిస్‌కు ముందు ప్రూఫ్ పేపర్ పెట్టాల్నా, వద్దా?

భద్రకాళి_బండ్: అందరికీ నమస్తే. ఇక్కడొక అటానమస్ డిగ్రీ కాలేజీల సిలబస్ ఖాయం చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందట ఒక ప్రతిపాదన ఉంది. అమెరికాల ఒక చిన్న క్రైస్తవ యూనివర్సిటీ మ్యాథ్స్ కోర్సుల వరుసను నమూనాగా తీసుకున్నరు. క్యాలిక్యులస్, లీనియర్ అల్జీబ్రా, తర్వాత ప్రూఫులు (నిరూపణలు) రాసుడు నేర్పే కోర్సు. అది పాసైతేనే రియల్ అనాలిసిస్ (క్యాలిక్యులస్‌ను ప్రూఫులతోని కట్టే పేపర్), అబ్‌స్ట్రాక్ట్ అల్జీబ్రా. ఆఖరి ఏడాది గణితం, విశ్వాసం మీద ఒక సెమినార్. మన దగ్గర రెండో సెమిస్టర్ల డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఒడిసినంక సీదా రియల్ అనాలిసిస్‌ల దింపుతున్నం. మధ్యల ప్రూఫ్ పేపర్ పెట్టాల్నా?

కరీంనగర్_లెక్చరర్: అక్కర్లేదు. స్కిల్ పేపర్ల జాబితాల లాజిక్ అండ్ సెట్స్ ఉండనే ఉంది, రెండు క్రెడిట్లు. సరిగ్గ చెప్తే అదే చాలు. మ్యాథ్స్ డిగ్రీల విశ్వాసం మీద సెమినార్ ఏంది అసలు?

డెల్టా_హన్మకొండ: సెమినార్ గురించి ఎవరూ అడగలే సార్. లాజిక్ అండ్ సెట్స్‌ల ట్రూత్ టేబుల్ వేస్తరు, వెన్ డయాగ్రం గీస్తరు, మార్కులు పడ్తయి. 'ప్రతి', 'ఒకటి ఉంది' అన్న మాటల వరుస మారితే ఏమైతదో ఎవ్వరూ అడగరు. పిల్లలు ఆగేది సరిగ్గ ఆడనే. యూనిఫామ్ కంటిన్యుయిటీ తీస్కోండి. విలువల తేడాకు ఎప్సిలాన్ అని హద్దు పెడితే, బిందువుల దూరానికి ఒకే డెల్టా అంతటా సరిపోవాలె. 0 నుంచి 1 దాక ఎక్స్ స్క్వేర్ అంటే డెల్టా = ఎప్సిలాన్/2 అని చకచకా రాస్తరు, గైడ్‌ల ఉంటది కద. మొత్తం రియల్ లైన్ మీద కాదని చూపమంటే పెన్ను ఆగుతది. ఎన్ ఒక బిందువు, ఎన్ + 1/ఎన్ ఇంకోటి. దూరం సున్నాకు పోతది, స్క్వేర్ల తేడా మాత్రం ఎప్పుడూ 2 కంటె ఎక్కువే. రెండు లైన్ల లెక్క. కని 'ఏ డెల్టా ఇచ్చినా దాన్ని తప్పించే జంట ఒకటి దొరుకుతది' అన్నది చూపాలని తెల్వాలె కద! డెఫినిషన్‌ను తిరగేసుడు రానోనికి ఆ జంట ఎందుకు తడ్తది?

ములుగురోడ్: రెండో సెమిస్టర్ల జాగ ఏది? డీఈ (డిఫరెన్షియల్ ఈక్వేషన్స్) ఎత్తేస్తరా?

కరీంనగర్_లెక్చరర్: అదీ ప్రశ్న. డీఈ ఐఐటీ జామ్‌ల (ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌ల) ఉంది. జామ్‌ల ప్రూఫ్ రాయమనే ప్రశ్న ఒక్కటి చూపెట్టండి. 60 ప్రశ్నలు, 100 మార్కులు, అన్నీ టిక్కులు, లేకుంటే నంబర్లు. ఆ సెమినార్ క్రెడిట్లు ఏ పేపర్ల కోస్తరో అది గూడ చెప్పండి.

డెల్టా_హన్మకొండ: అందుల 10 ప్రశ్నలు ఒకటో, అంతకంటె ఎక్కువో జవాబులుండేటివి. సరైనవన్నీ పెడితేనే 2 మార్కులు, ఒక్కటి మర్చిపోయినా సున్నా. ప్రతి ఆప్షనూ 'నిరూపించు, లేకుంటే కౌంటర్ ఎగ్జాంపుల్ (తప్పని చూపే ఉదాహరణ) ఇయ్యి' అన్నట్టే.

అనంతం_2: సెమినార్‌ను అంత తేలిగ్గ తీసెయ్యకండి. సెట్ థియరీ మొదలుపెట్టిన గణితవేత్త కాంటర్ 1886ల క్యాథలిక్ మతగురువు కార్డినల్ ఫ్రాంజెలిన్‌తోని ఉత్తరాలు నడిపిండు, సెట్ల అనంతం దేవుని అనంతానికి పోటీ కాదని చెప్పుకునేటందుకు. పిల్లలు కాంటర్ డయాగనల్ ప్రూఫ్ (దశాంశ సంఖ్యల ఏ జాబితా ఇచ్చినా, ఒక్కో అంకె మార్చి అందుల లేని కొత్త సంఖ్యను తయారుచేసుడు) బోర్డు మీద చెప్పి, కొత్త అంకెలుగ 0, 9 ఎందుకు వాడొద్దో (0.4999..., 0.5 ఒక్కటే కద) వివరిస్తే అది గణితమే.

కరీంనగర్_లెక్చరర్: మరి దానికి సెమినార్ ఎందుకు? రియల్ అనాలిసిస్ క్లాసుల ఒక్క పీరియడ్ చాలు.

పరకాల_పీజీ: అసల్ ఇబ్బంది 'పాసైతేనే' అన్న షరతు. ఆ చిన్న యూనివర్సిటీలల్ల పై పేపర్లు చానా వరకు ఏడాది విడిచి ఏడాది పెడ్తరు, చెప్పేటోళ్లు తక్కువ. ప్రూఫ్ కోర్సు తప్పితే అనాలిసిస్ చేయి జారుతది, మళ్ల రెండేండ్లకు. ఇక్కడ ఆ షరతు పెడితే మూడో సెమిస్టర్ల సగం క్లాసు ఖాళీ.

కరీంనగర్_లెక్చరర్: డెల్టా గారు పీజీ సీట్ల కూసోని మాట్లాడుతున్నరు. మన పిల్లలు బీఈడీ, టెట్, డీఎస్సీకి పోయేటోళ్లు. వాళ్లకు ఎన్ + 1/ఎన్ ఎందుకు?

డెల్టా_హన్మకొండ: పదో తరగతి పుస్తకంల రూట్ 2 కరణీయ సంఖ్య (పీ/క్యూ భిన్నంగ రాయలేనిది) అన్న ప్రూఫ్ ఉంది. ఒక పోరడు లేచి 'గట్లనే రూట్ 4 గూడ కరణీయమే కద సార్' అంటే మీ డీఎస్సీ టీచర్ ఏం చెప్తడు? పీ స్క్వేర్ 2తో పోతే పీ గూడ 2తో పోతది. 4తో అట్ల కాదు, పీ = 2 చాలు. ఆ ప్రూఫ్ నిలబడేదే ఆ మెట్టు మీద. బట్టీ పట్టినోనికి కనపడదు. ఉద్యోగమొస్తే చాలు, తెల్వకున్నా నడుస్తదని సాఫ్ చెప్పండి మరి!

కరీంనగర్_లెక్చరర్: నేనట్ల అన్లే. దిద్దేదెవరని అడుగుతున్న! ప్రూఫ్ నేర్పుడంటే వారం వారం 60 నోట్‌బుక్కులు, ప్రతి లైన్ పక్కన ఎర్ర సిరా. పోస్టులు ఖాళీ. ఉన్నది గెస్ట్ లెక్చరర్లు. చెప్పిన గంటకే పైసలు, దిద్దిన గంటకు లేవ్. నాకైతే ఒక ఏడు జీతం ఎండకాలం దాక రాలే. గసొంటప్పుడు కొత్త పేపర్ పెడితే, పాత ప్రశ్నపత్రాలు చూసి 8 ప్రూఫులు బట్టీ కొడ్తరు. పేరు మాత్రం మారుతది.

డెల్టా_హన్మకొండ: ఈ మాట ముందుగాల్నే చెప్తే సెమినార్ మీద ఇంత గొడవ ఉండకపోవు.

భద్రకాళి_బండ్: డీఈని ముట్టకుండ, ఆ రెండు క్రెడిట్ల స్కిల్ పేపర్‌ను రియల్ అనాలిసిస్ కంటె ముందుకు జరిపి, ట్రూత్ టేబుళ్లు తగ్గించి, వారానికి ఒక్క ప్రూఫ్ రాయించి ఇంటర్నల్ మార్కులు వేస్తే? పదిమందికి ఒక గుంపు, గుంపుకు ఒక్క కాగితం. దిద్దేటివి ఆరే.

ములుగురోడ్: గుంపుల ఒక్కడు రాస్తడు, తొమ్మిది మంది సంతకం పెడ్తరు.

పరకాల_పీజీ: బోర్డు మీద ఎవరితోని చెప్పియ్యాల్నో చీటీ తీయండి. అప్పుడు పదిమందీ సదువుతరు.

కరీంనగర్_లెక్చరర్: సరే. ఆ ఆరు కాగితాలు దిద్దే గంటను గూడ వర్క్‌లోడ్‌ల లెక్క కట్టాలని తీర్మానంల రాయించండి. లేకుంటే నా ఓటు లేదు.