ఏరియా న్యూస్ సైటు మూతపడుతోంది: అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ డబ్బుతో నిలబెట్టొచ్చా?

బి బ్లాక్ నాలుగో అంతస్తు (బెంగళూరు)

మాది సర్జాపుర రోడ్డు పక్కన మూడొందల పైచిలుకు ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్. మా చుట్టుపక్కల లేఅవుట్ల వార్తలు రాసే చిన్న సైటు ఒకటుంది. నడిపేది ఇద్దరే. డబ్బులు సరిపోవడం లేదని, వచ్చే నెలాఖరుతో ఆపేస్తున్నామని మొన్న పెట్టారు. ఈ ఆదివారం మా ఏజీఎం, అదే ఏటా జరిగే సర్వసభ్య సమావేశం. ఫ్లాటుకు నెలకు 50 రూపాయల చొప్పున అసోసియేషన్ ఖాతా నుంచే ఆ సైటుకు ఇద్దామని తీర్మానం పెట్టాలనుకుంటున్నా. మా ఆయనే ఒప్పుకోవడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నాకెందుకింత పట్టుదలో చెప్తాను. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి నెలల తరబడి ట్యాంకర్ల మీద బతికాం కదా. ఒకరోజు పప్పు కడుగుతుంటే నీళ్లలో నురగ. కుళాయి తిప్పితే మోరీ వాసన. వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజీలు. "మాకూ అంతే." "ఫిల్టర్ మార్చుకోండి." "ఇవన్నీ బయటికి పొక్కితే ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి, దయచేసి ఆపండి." మూడో రోజు అడ్మిన్ గ్రూపుకు తాళం వేశాడు.

ఆ సైటులో రాసే అమ్మాయి మూడు ఖాళీ సీసాలు పట్టుకొచ్చింది. మా వంటింటి కుళాయి నీళ్లు ఒకదాంట్లో, సంపులోవి ఒకదాంట్లో, ట్యాంకర్ పైపు దగ్గర పట్టినవి ఇంకోదాంట్లో. మూతల మీద తెల్ల ప్లాస్టర్ అతికించి, ఎక్కడ ఎప్పుడు పట్టిందో పెన్నుతో రాసింది. ల్యాబు ఫీజు తనే కట్టింది. ట్యాంకర్ వెనకాలే స్కూటీ మీద వెళ్లి ఎక్కడ నింపుతున్నారో చూసొచ్చింది. చెరువులోకి పోయే రాజకాలువెను (పెద్ద వాననీటి కాలువను) ఆనుకునే ఉందట ఆ బోరు. ల్యాబు రిపోర్టు, బోరు ఫొటో రెండూ వేశారు. నాలుగు రోజుల్లో కమిటీ ట్యాంకర్ వాళ్లను మార్చింది.

ఇంతమందిమి చదువుకున్నవాళ్లం ఉండి ఒక్కరమూ ఆ ట్యాంకర్ వెనక వెళ్లలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి వేరే ఉద్యోగం వెతుక్కుంటోంది.

లెక్కలు చూసేవాణ్ని (బెంగళూరు)

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ తీర్మానం మాత్రం తప్పు. ఐదేళ్లుగా ఒక అసోసియేషన్‌కు ట్రెజరర్‌గా ఉన్న అనుభవంతో చెప్తున్నా.

మెయింటెనెన్స్ అనేది కట్టి తీరాల్సిన డబ్బు. లిఫ్టు, కరెంటు, సెక్యూరిటీ, నీళ్లు, ఇలా అందరికీ పనికొచ్చే వాటికే ఖర్చు పెట్టాలి. 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కింద నమోదైనా, సొసైటీగా నమోదైనా, బైలాస్‌లో (అసోసియేషన్ నియమాల్లో) లేని ఖర్చు రాస్తే ఆడిటర్ మొదట నన్నే అడుగుతాడు. చదవనివాడి దగ్గర పత్రికకు బలవంతంగా వసూలు చేయడం న్యాయమా?

ఇంకో మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. మీ ఎస్టీపీ, అదే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, సరిగ్గా పనిచేస్తోందా? రాత్రిపూట శుద్ధి చేయని నీళ్లు కాలువలోకి వదిలే అపార్ట్‌మెంట్లు మన వైపు ఎన్నున్నాయో మీకు తెలుసు. రేపు మీ మోరీ నీళ్లే చెరువులో కలుస్తున్నాయని తెలిస్తే, మీ దగ్గర నెలకు పదిహేను వేలు తీసుకునే సైటు రాస్తుందా? బిల్డర్ యాడ్ ఇస్తే ఆయన మీద రాయరు. అసోసియేషన్ డబ్బిస్తే అసోసియేషన్ మీద రాయరు. చేతులు మారాయంతే.

కేఆర్ పురం బ్రో

వాట్సాప్ గ్రూపులున్నాక సైటు ఎందుకండీ? కరెంటు పోయినా, రోడ్డు తవ్వినా ఐదు నిమిషాల్లో ఫొటోతో సహా వస్తోంది. సైటులో రేపు చదవాలి. పైగా మనలో చాలామంది అద్దెకున్నవాళ్లం. ఓటు అనంతపురంలోనో కర్నూలులోనో ఉంటుంది. ఇక్కడి వార్డు సంగతులు మనకెందుకు?

లైన్ అకౌంట్ (బెంగళూరు, మాది కడప జిల్లా)

బ్రో, ఓటు ఎక్కడున్నా తాగే నీళ్లు ఇక్కడివే కదా.

మా నాన్న పంతొమ్మిదేళ్లు ఒక తెలుగు దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా చేశారు. ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. హైపర్‌లోకల్ అనే ఇంగ్లీషు మాట పుట్టకముందే మన ఊరు, మన వీధి వార్తలు చదివినవాళ్లం మనం. మా ఊరి బోరింగు చెడిపోయిందని నాలుగు లైన్లు పడితే, ఆ పేపరు టీ కొట్టులో సాయంత్రం దాకా చేతులు మారేది.

కానీ ఆ నాలుగు లైన్లకు నాన్నకొచ్చిందెంత? జీతం లేదు, లైన్ అకౌంటే. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి డబ్బులు. నెలాఖరున అమ్మ ఆ కటింగులన్నీ పిండి జిగురుతో తెల్లకాగితాల మీద అంటించేది, అవి పంపితేనే బిల్లు. పైగా యాడ్ టార్గెట్. జనవరి ఒకటికి, పంద్రాగస్టుకు ఇంతమంది నాయకుల శుభాకాంక్షల యాడ్లు తేవాలి. ఎవరి మీద రాయాలో వాళ్ల ఇంటి ముందే రసీదు పుస్తకం పట్టుకుని నిలబడాలి. ఒకసారి ఇసుక ట్రాక్టర్ల మీద నాన్న రాసింది డెస్కులోనే ఆగిపోయింది. ఆ ట్రాక్టర్లు ఎవరివో ఆయన యాడ్ మూడు రోజుల ముందే పడింది. ఆ రోజు నాన్న అన్నం తినలేదు.

కాబట్టి లెక్కలవారు అన్నదాంట్లో నిజముంది. డబ్బిచ్చేది ఒక్కరే అయితే కలం వంగుతుంది. అయితే దానికి మందు డబ్బు ఆపేయడం కాదు. మూడొందల ఫ్లాట్లు విడివిడిగా ఇస్తే ఏ ఒక్కరికీ బెదిరించే బలం ఉండదు. అసోసియేషన్ ఒకే చెక్కు రాస్తే ప్రెసిడెంటుకు ఆ బలం వస్తుంది. డబ్బు అంతే, కానీ ఇచ్చే చెయ్యి వేరు.

మందవెల్లి బాబాయ్ (చెన్నై)

మా పక్క సంగతి చెప్తాను. 1994లో మొదలైన మైలాపూర్ టైమ్స్ ఉచితంగా ఇంటి గుమ్మంలో పడే వీక్లీ. దాన్ని నిలబెట్టింది పెద్ద కంపెనీలు కాదు. ట్యూషన్ టీచర్లు, చీరల సేలు, అప్పడాలు చేసి అమ్మే ఆవిడ, "రెండు గదుల ఇల్లు అద్దెకు, శాకాహారులకే", ఇలాంటి బుల్లి ప్రకటనలు. వాళ్లలో ఒకరికి కోపమొచ్చి మానేసినా పత్రిక ఆగదు. సైట్లకు ఆ దారి మూసుకుపోయింది. ఆ అప్పడాలావిడ ఇప్పుడు ఇన్‌స్టాలో తనే పోస్టు పెట్టుకుంటుంది. ట్యూషన్ టీచరు గూగుల్ మ్యాప్స్‌లో కనిపిస్తే చాలనుకుంటుంది. సైటుకు మిగిలేది గూగుల్ యాడ్లు. పదివేలమంది చదివే సైటుకు వాటితో ఇంటర్నెట్ బిల్లు కూడా గడవదు.

వాట్సాప్ గురించి. 2015 డిసెంబరు వరదల్లో ప్రింటింగ్ ప్రెస్సుకు మనుషులు చేరలేక ది హిందూ లాంటి పత్రికే చెన్నైలో ఒకరోజు అచ్చు కాలేదు. 1878లో పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి. ఆ రోజుల్లో వేలచ్చేరిలో మా చెల్లెలు ఉన్న వీధికి పడవ వెళ్లిందంటే ఫోన్లలో తిరిగిన మెసేజీల పుణ్యమే. కాదనను. కానీ నీళ్లు తీశాక గ్రూపులు చప్పబడ్డాయి. ఏ కాలువ పూడిక తీశారు, ఏది తీయలేదు అని మరుసటి ఏడాది వానలకు ముందు వెళ్లి చూసేదెవరు? మాకు 2016 అక్టోబరు నుంచి 2022 దాకా కౌన్సిలర్లే లేరు.

వార్డు ఆఫీసు చుట్టూ (బెంగళూరు)

బాబాయ్ గారూ, మాదీ అదే కథ. ఇక్కడ చివరిసారి కార్పొరేటర్లను ఎన్నుకుంది 2015లో. 2020 సెప్టెంబరులో వాళ్ల గడువు అయిపోయింది. ఎన్నికలు పెట్టకుండానే 2025లో నగర పాలికె బీబీఎంపీని ఐదు కార్పొరేషన్లు చేశారు. ఖాతా (ఇంటి ఆస్తి రికార్డు) కోసం నేను తొమ్మిదిసార్లు తిరిగాను. ఏ ఇంజనీరు ఏ వార్డు చూస్తాడో ఒక్కచోట పట్టిక కట్టి పెట్టింది ఇలాంటి సైటే.

చికాగో నుంచి తిరిగొచ్చాను (బెంగళూరు)

అక్కడ మా వీధి వార్తలకు డీఎన్ఏఇన్ఫో అనే సైటు చదివేవాణ్ని. 2017 అక్టోబరులో న్యూయార్క్ ఆఫీసు ఉద్యోగులు యూనియన్‌కు ఓటేశారు. వారం తిరిగేసరికి, నవంబరు 2న, ఓనరు జో రికెట్స్ న్యూయార్క్, చికాగో అన్నీ కలిపి మూసేశారు. వందమందికి పైగా రోడ్డున పడ్డారు. అన్నిటికన్నా నన్ను కుదిపింది వేరు. ఆ సాయంత్రం ఏ పాత వార్త లింకు నొక్కినా ఓనరు రాసిన ఉత్తరమే తెరుచుకుంది. పాత వార్తలను తర్వాత మళ్లీ పెట్టారనుకోండి. కానీ ఆ కాసేపు మా పేటకు జ్ఞాపకమే లేకుండా పోయినట్టనిపించింది.

పెద్ద కంపెనీ అయినా అంతే. ప్యాచ్ అనే ఊరి వార్తల సంస్థను 2009లో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ కొని దాదాపు 900 ఊళ్లకు సైట్లు పెట్టింది. 2013లో వందలమందిని తీసేసి, 2014 మొదట్లో వేరే కంపెనీ చేతిలో పెట్టేసింది. పేరుకు ప్రతి ఊరికీ సైటు, కానీ ఊరిని నమ్ముకున్న సైటు కాదది.

చికాగోలో పనిపోయిన ఎడిటర్లే 2018లో బ్లాక్ క్లబ్ చికాగో పెట్టారు. పాఠకుల దగ్గర చందాలు పోగేసి, లాభాపేక్ష లేని సంస్థగా. అది నిలబడింది. మన దగ్గరే 2008లో బెంగళూరులో మొదలైన సిటిజన్ మ్యాటర్స్ కూడా ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ కిందే, విరాళాలతో నడుస్తోంది.

లెక్కలు చూసేవాణ్ని

విడివిడిగా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నేనూ ఇస్తాను. ఒక్క విషయం గుర్తుంచుకోండి: అచ్చు పేపరుకు జీఎస్టీ లేదు, ఆన్‌లైన్ వార్తల చందాకు మాత్రం 18 శాతం. ఆ సైటు జీఎస్టీ పరిధిలోకి వస్తుందో రాదో ముందే అడగండి. వస్తే మీ యాభైలో ఏడు రూపాయల పైన పన్నుకే పోతుంది. అది మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది.

బి బ్లాక్ నాలుగో అంతస్తు

లెక్కలు గారూ, మా ఎస్టీపీ సంగతి మీరడిగాక కిందికెళ్లి చూశాను. మీటరు ఉంది, లాగ్‌బుక్ ఉంది, మూడు వారాలుగా ఏమీ రాయలేదు. మీరన్నదే నిజం. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నా.

ఏజీఎంలో రెండే అడుగుతాను. నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టనివ్వండి, ఇష్టమున్నవాళ్లు ఫ్లాట్ నంబరు రాసి సైటుకే నేరుగా కడతారు. లాగ్‌బుక్ ఏ విలేకరి అడిగినా చూపించాలి. సాయంత్రం మా అంతస్తులో తలుపులు తట్టాను, ఆరు ఫ్లాట్లవాళ్లు సరేనన్నారు. మా ఆయన కూడా.

మా వాచ్‌మన్ కదిరి అబ్బాయి. ఇంగ్లీషు, కన్నడ చదవలేడు. "నీళ్ల వార్త తెలుగులో రాదా అక్కా?" అన్నాడు. అదీ ఆ ఇద్దరినీ అడుగుతాను.

చికాగో తమ్ముడూ, నువ్వు రాసింది చదివి మూడు సీసాల వార్త తెరిచి చూశాను. లింకు ఇంకా పనిచేస్తోంది. రాత్రే పీడీఎఫ్ చేసి దాచాను. మిగతావి నాలుగొందల దాకా ఉన్నాయి, తలా కొన్ని దాచడానికి ఎవరైనా కలుస్తారా?