ఫరహాబాద్ సఫారీలో జంతువులు కనబడాలంటే?

ప్రశ్న: మార్చిలో నల్లమల వెళ్తున్నాం. ఫరహాబాద్ సఫారీకి ఏ పూట మంచిది? బైనాక్యులర్స్ ఏవి తీసుకోవాలి?

జవాబు 1: పొద్దున్నే మొదటి ట్రిప్పే ఎక్కండి. మార్చికి ఆకు రాలిపోయి చూపు దూరం ఆనుతుంది, జంతువులు నీటి చెలమల దగ్గరికి చేరతాయి. 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) చాలు, పన్నెండు రెట్లవి (12x) అయితే జీపు కుదుపుకి బొమ్మ నిలవదు. పులి కోసం కళ్లు చించుకోకుండా చెవులు పెట్టండి; పులిని పసిగడితే మిగతా జంతువులు హెచ్చరికగా అరుస్తాయి. దుప్పి ఒక్కసారి అరిస్తే ఉత్తిదే కావచ్చు. కణితి (సాంబార్) ఆగి ఆగి "ఢాంక్" అంటూనే ఉంటే, పైన కొండముచ్చు దగ్గుతూ ఒకే వైపు చూస్తుంటే, పులి దగ్గర్లో ఉండొచ్చు; ఇంజన్ ఆపించి పది నిమిషాలు కదలకండి.

జవాబు 2: దుమ్ములో అడుగులు కూడా గమనించండి. పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి గోటి గీత పడదు. వేళ్ల ముందు గీతలుంటే రేసుకుక్కో (అడవికుక్క), ఎలుగో.

జవాబు 3: శ్రీశైలం రోడ్డు మీద అడవి మొదట్లో ఉండే మన్ననూరు గేటు రాత్రి మూసేస్తారు, చీకటి పడకముందే దాటండి. దారిలో కోతులకి అరటిపళ్లు వేయొద్దు అండీ; తిండికి రోడ్డెక్కి టైర్ల కింద పడుతున్నాయి. పులి ఫొటో దొరికితే, వేటగాళ్లకి చోటు తెలియకుండా లొకేషన్ తీసేసి ఆన్‌లైన్‌లో పెట్టండి.

అడిగినవారు: ఎలుగు ఎదురైతే?

జవాబు 2: జీపు దిగొద్దు. ఎలుగు వీపు మీద దాని పిల్లలుంటే, జీపు ఇంకా వెనక్కి తీయమని డ్రైవర్‌కి చెప్పండి.