డుయోడినం అంటే జానెడు పేగే కదండీ

డుయోడినంని, అంటే జీర్ణాశయం తర్వాత వచ్చే చిన్నపేగు మొదటి ముక్కని, తెలుగులో ఏమంటారు అని నిన్న ఒకరు అడిగితే ఆంత్రమూలం అని జవాబొచ్చింది, తప్పేం కాదు, స్కూల్లో మనం చదివిందీ అదే. కానీ ఆ మాట వింటే పేగు మొదలయ్యే చోటు అని తప్ప ఇంకేం తెలీదు, అసలు పేరులో ఉన్న బొమ్మ అందులో లేదు.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ అనే వైద్యుడు ఉండేవాడు, శవాల్ని కోసి చూసి ఈ ముక్క పొడవు పన్నెండు వేళ్లు అన్నాడు, అంటే వేళ్లు పక్కపక్కనే ఆనించి పెడితే పన్నెండింటి వెడల్పు. లాటిన్‌లో పన్నెండు అనే మాటలోంచే డుయోడినం వచ్చింది. జర్మన్ వాళ్లయితే ఇప్పటికీ పన్నెండువేళ్ల పేగు అనే అంటారు, మామూలు మాటల్లో కూడా.

ఇప్పుడు మన కొలతలు చూడండి. అంగుళం అంటే మొదట వేలి వెడల్పే, ఇంచి అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. పన్నెండు అంగుళాలైతే ఒక జాన! జాన అంటే తొమ్మిది ఇంచీలు, సుమారు 23 సెంటీమీటర్లు, డుయోడినం పొడవేమో 25 సెంటీమీటర్ల దాకా. అదే పన్నెండు అంగుళాల పేగు అని రాశామనుకోండి, ఇవాళ చదివేవాళ్లు 30 సెంటీమీటర్లు అనుకుంటారు, తప్పైపోతుంది. జానెడు పొట్ట అని రోజూ అంటూనే ఉంటాం కాబట్టి జానెడు పేగు అంటే ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం.

దాని తర్వాతది జెజునం, లాటిన్‌లో ఆ మాటకి ఉపవాసం ఉన్నది, ఖాళీగా ఉన్నది అని అర్థం, కోసి చూసినప్పుడు ఈ భాగం ఎక్కువగా ఖాళీగా కనపడేదని ఆ పేరు. ఖాళీపేగు అంటే సరిపోతుంది.

మూడోదాంతోనే అసలు చిక్కు. ఇంగ్లీషులో చిన్నపేగు చివరి భాగానికీ (ileum) తుంటి ఎముకలో పైన వెడల్పుగా ఉండే భాగానికీ (ilium) ఒక్క అక్షరమే తేడా, పలికేటప్పుడు అదీ వినపడదు, మన లిపిలోకి తెస్తే రెండూ ఇలియం అయి కూర్చుంటాయి. ఇలియంలో వాపు ఉంది అని తెలుగులో రాస్తే అది పేగా ఎముకా అని ఎలా తెలుస్తుంది చెప్పండి? అందుకే పుస్తకాల్లోని శేషాంత్రికం అనే మాటని నేను వదులుకోను, పలకడానికి బరువే, కానీ శేషం అంటే మిగిలింది అని అందరికీ తెలుసు, ఆంత్రం అంటే పేగు, ఎముకతో కలిసిపోయే ప్రమాదమే లేదు. బి12 విటమిన్ లోపలికి ఎక్కేది ముఖ్యంగా ఈ భాగం చివర్లోనే, ఆపరేషన్‌లో దాన్ని ఎక్కువగా తీసేస్తే ఆ విటమిన్ ఇంజెక్షన్ జీవితాంతం తీసుకోవాల్సి రావచ్చు, అలాంటి చోటికి పేరు స్పష్టంగా ఉండాలి కదా.

ఇంకోటి, చిన్నపేగు అనే మాటే పిల్లల్ని తికమకపెడుతుంది. శవంలో కొలిస్తే అది 6-7 మీటర్లు వస్తుంది, బతికున్న మనిషిలో కండరం బిగువుగా ఉంటుంది కాబట్టి అంతకంటే బాగా తక్కువే, అయినా 1.5 మీటర్లున్న పెద్దపేగు కంటే పొడవే. చిన్న అన్నది పొడవుని కాదు, లావుని చూసి. మరి సన్నం అనే మాట మనకి ఉండగా చిన్న ఎందుకు? సన్నపేగు, లావుపేగు అంటే ఒక్కసారికే అర్థమవుతుంది. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎవరైనా సన్నపేగు అనగా విన్నారా, వింటే ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి.